మనము వ్రాయని వీలునామా

ఆస్తి విషయమున మనవారికున్న ముందుచూపు అవసాన విషయమున లేదు. ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చును. అయినను ముప్పదియెనిమిది సంవత్సరములు ఉప రిజిస్ట్రారు కచేరీలో దస్తావేజులు సరిచూచుచు, సూచికలు కట్టుచు, నకళ్లు వ్రాయుచు గడపి విశ్రాంతి పొందిన గుమాస్తాను గనుక ఈ మాట పలుకుటకు నాకు కొంత అర్హత కలదని తలంచుచున్నాను. అరయెకరము మెట్టచేనికి, గోడ వాలిన మిద్దెకు, తుదకు ఉమ్మడి బావిలో నాలుగవ వంతు నీటికి సైతము మనవారు వీలునామా వ్రాయింతురు. పాత దస్తావేజులలో వీలునామాకు మరణ శాసనమని పేరు. తాను పోయిన పిదప తన సొత్తు ఎవరికి చెందవలెనో తెలుపు శాసనమది. దానిని వ్రాయించుటకు కచేరీ మెట్లెక్కిన వృద్ధులలో అపశకునమని జంకినవారిని నేను చూడలేదు. కాని తాను పోవుటకు ముందు, నోట మాట లేక, మనసున తెలివి లేక, యంత్రములకు కట్టుపడి మంచముపై నుండు ఆ పది దినములో పది మాసములో తన దేహమునకు ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో తెలుపు కాగితమును గూర్చి నోరెత్తినంతనే "శుభమా అని ఇప్పుడా మాటలెందుకు?" అని చెవులు మూసికొందురు. సొత్తు పంచునపుడు రాని అపశకునము దేహమును గూర్చి చెప్పునపుడు ఏల వచ్చును?

ఈ కాగితమునకు అమెరికాలో లూయీ కట్నర్ అను న్యాయవాది 1969లో లివింగ్ విల్ అని పేరు పెట్టి ప్రతిపాదించెను. 1976లో కాలిఫోర్నియా రాష్ట్రము దానికి చట్టము చేసినది. మన న్యాయస్థానములు దీనిని అడ్వాన్సు మెడికల్ డైరెక్టివ్ అనుచున్నవి. పత్రికలు జీవన వీలునామా అని వ్రాయుచున్నవి. నేను ముందస్తు వైద్యాదేశమందును. పేరేదైనను పని యొక్కటే: తెలివి యున్నపుడే, తెలివి తప్పిన దినమునకై తన మాట వ్రాసి యుంచుట.

అవధానములను గూర్చి, హరికథలను గూర్చి, బళ్లారి రాఘవ నటనను గూర్చి వ్యాసములు వెలువడు సంచికలో చావును గూర్చిన వ్యాసమునకు చోటేమని అడుగువారుందురు. బారసాల సంస్కృతి, అక్షరాభ్యాసము సంస్కృతి, పెండ్లిలో తలంబ్రాలు సంస్కృతి యైనపుడు పోవు తీరు మాత్రము సంస్కృతి కాకపోవునా? మన తాతల నాడు పెద్దలకు అవసానము సమీపించెనని తోచినపుడు మంచము దింపి నేలపై పరుండబెట్టి, నోట తులసి తీర్థము పోసి, చెవిలో దైవనామము పలుకుచుండెడివారు. అందరి యిండ్లలో ఒకే తీరు కాకున్నను ప్రతి యింటను ఏదో యొక తీరుండెను. అది కొంతవరకు వైద్యము లేని కాలపు నిస్సహాయత యని నేనెరుగుదును. ఆ కాలమునకు మరలిపోవుదమని నేననుట లేదు. గుండెకు స్టెంటు వేయించుకొని ఏండ్ల తరబడి హాయిగా తిరుగుచున్నవారు మన సంఘములోనే కలరు. వారిలో ఒకరు ఈ సంచికకు చందాలు వసూలు చేసిరి. వైద్యము బ్రతికించునంత కాలము దానిని కాదనువాడు మూర్ఖుడు. నేను చెప్పునది వైద్యము బ్రతికింపను జాలక, చావను ఈయక నడుమ నిలిపియుంచు స్థితిని గూర్చి. అప్పుడు తులసి తీర్థము పోయుదమన్నను నోరు ఖాళీగా నుండదు, అందు గొట్టముండును. చెవిలో నామము పలుకుదమన్నను లోనికి పోనీయరు. దినమునకు రెండు పర్యాయములు, ఒక్కొక్కరుగా, కొద్ది నిమిషములు.

మా పేటలో బియ్యపు వ్యాపారము చేసి విరమించిన పెద్ద యొకరుండిరి. ఎనుబదియొకటవ యేట మెదడులో రక్తనాళము చిట్లి పడిపోయిరి. ఇరువదిమూడు దినములు వెంటిలేటరుపై నుండిరి. పెద్దకుమారుడు బెంగళూరున, కుమార్తె అనంతపురమున, చిన్నకుమారుడు అమెరికాలో న్యూజెర్సీలో. రెండవ వారమున వైద్యులు ఆశ లేదని చెప్పగా పెద్దవాడు "నాయన్ను ఇంక బాధపెట్టద్దమ్మా" అనెను. చెల్లెలు "బిల్లు బరువైందా అన్నా?" అని ఒక్క మాట అనెను. ఆ మాటతో అతడు మరల నోరెత్తలేదు. చిన్నవాడు ఫోనులో "నేను వచ్చేవరకు ఏమీ తీయొద్దు" అనుచుండెను. అతనికి సెలవు దొరుకుటకే పదునెనిమిది దినములు పట్టెను. ముగ్గురిలో ఎవరిదియు దుర్బుద్ధి కాదు. ముగ్గురును తండ్రిని ప్రేమించినవారే. అయినను తండ్రి యేమి కోరునో ముగ్గురికిని తెలియదు. ఆయన సాయంకాలములందు రామాలయపు అరుగుపై కూర్చుండి "దీపం కొండెక్కినట్ల పోవల్లప్పా, అంతే" అని అనేక పర్యాయములు మాతో అనియుండిరి. అరుగుమీది మాట ఆసుపత్రిలో సాక్ష్యము కాదు గదా! పదునొకండవ నాటి భోజనములలో అన్నాచెల్లెండ్రు వేర్వేరు పంక్తులలో కూర్చుండిరి. నేటికిని వారికి మాటలు లేవు. ఆయన వ్రాసిన వీలునామా మాత్రము నిర్దుష్టముగా నున్నది. ఇల్లెవరికి, అంగడి యెవరికి, భార్య నగలలో ఏది యెవరికి, అన్నియు అందు కలవు.

ఇట్టి సంకటము ఏ ప్రాంతమువారికైనను కలుగవచ్చును. కాని ప్రవాసాంధ్రులమైన మనకు అది ద్విగుణము. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర మేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము అటు చేరినవి. బళ్లారి మైసూరులో కలిసినది. నాటినుండి మన బంధువర్గము సరిహద్దునకు ఇరువైపుల నున్నది. తరువాతి తరము బెంగళూరునకు, హైదరాబాదునకు, సముద్రములు దాటి అమెరికాకు పోయినది. ఇంట తెలుగు మాటలాడుదుము, బడిలో కన్నడము చదివితిమి, ఆసుపత్రిలో ఇంగ్లీషు కాగితముపై సంతకము చేయుదుము. మన పిల్లలలో పెక్కురకు తెలుగు మాట వచ్చును గాని చదువు రాదు. మనుమలకు మాటయు సగమే. తమిళనాట హోసూరులో, ఒడిశాలో బరంపురములో, మహారాష్ట్రలో షోలాపురములో నున్న మన సోదరుల పిల్లలును వేరు విధముగా నుండరని తలంతును. ముసలివాని కోరిక యొక భాషలో, నిర్ణయించు కొడుకు మరియొక భాషలో, అడుగు వైద్యుడు మూడవ భాషలో నున్నపుడు నోటి మాట ఏ దారిన చేరవలెను? సొంత యూరిలో, పుట్టి పెరిగిన బంధువుల నడుమ నుండువానికి కాగితము లేకున్నను కొంత సాగునేమో. మనకు సాగదు.

అమెరికా మాట వచ్చినది గనుక ఒక చిత్రము చెప్పెదను. ఆ దేశమున 1990లో చేసిన చట్టము ననుసరించి, సర్కారు సొమ్ము పొందు ఆసుపత్రులు చేరిన ప్రతి పెద్ద రోగిని ముందస్తు ఆదేశము వ్రాసియుంచితిరా యని అడుగవలెను. మన పిల్లలలో అచ్చట వైద్యులుగా, నర్సులుగా నున్నవారు ఎందరో కలరు. ఎవరో యెరుగని తెల్లదొరను నిస్సంకోచముగా ఆ ప్రశ్న అడుగువారు, సంక్రాంతికి ఇంటికి వచ్చి తండ్రి యెదుట కూర్చుండినపుడు రక్తపుపోటు మాత్రల మాట దాటి పోరు. తప్పు వారిది కాదు. అడిగినచో "నా చావు కోరుచున్నావా?" అని మనమందుమని వారికి భయము. ఆ భయము కలిగించినది మనమే.

ఇక న్యాయశాస్త్రపు స్థితి. ఇది మనలో చాలమందికి తెలియదు. తెలిసినవారు సగము తెలిసికొని భయపెట్టుచున్నారు. 1996లో జ్ఞాన్ కౌర్ వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము, రాజ్యాంగపు 21వ అధికరణము ఇచ్చు జీవించు హక్కులో చచ్చు హక్కు ఇమిడి లేదని చెప్పినది. పిదప అరుణా శాన్‌బాగ్ విషయము వచ్చినది. ఆమె మన కర్ణాటకపు హళదీపురము ఆడపడుచు, ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సు. 1973 నవంబరులో ఒక దుర్మార్గుని దాడివలన ఇరువదియైదేండ్ల ప్రాయమున తెలివి కోల్పోయి, నలుబదియొక్క సంవత్సరములకు పైగా ఆ ఆసుపత్రిలోనే మంచముపై నుండి 2015 మే 18న మరణించినది. 2011లో పింకీ విరానీ అను రచయిత్రి ఆమెకు విముక్తి కలిగింపుడని కోరగా న్యాయస్థానము ఆ కోరిక నంగీకరింపలేదు. ఆమెను సాకిన నర్సులు ఆమె బ్రతుకవలెననిరి. ఒకరి తరువాత ఒకరుగా, తరము తరువాత తరముగా, ఆమెను కన్నబిడ్డవలె చూచిన ఆ నర్సులకు నేను చేతులు జోడించెదను. విరానీగారి జాలియు అసత్యము కాదు. ఇరువురి వాదమును విన్నవారికి తెలియనిది ఒక్కటే: అరుణ ఏమనునో! ఆ పిల్లకు వ్రాసియుంచు వయసు గాని, అవకాశము గాని లేకపోయెను. మనకు రెండును కలవు.

కామన్ కాజ్ అను సంస్థ 2005లో వేసిన వ్యాజ్యమున 2018 మార్చి 9న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, గౌరవముతో మరణించు హక్కు జీవించు హక్కులోని భాగమేయని, ముందస్తు వైద్యాదేశము చెల్లునని తీర్పు చెప్పినది. కాని అప్పుడు పెట్టిన నిబంధనలు ఎవరికిని సాధ్యము కానివి; ప్రతి ఆదేశముపై మేజిస్ట్రేటు చేవ్రాలుండవలెననిరి. 2023 జనవరి 24న ఆ నిబంధనలను సడలించిరి. ఇప్పుడు ఇద్దరు సాక్షుల యెదుట సంతకము చేసి, నోటరీ గాని గెజిటెడు అధికారి గాని ధ్రువపరచిన చాలును. దీని ననుసరించి మన కర్ణాటక ప్రభుత్వము 2025 జనవరి 30న ఆసుపత్రులకు ఉత్తరువు లిచ్చినది. అనగా, ఇంట భోజనము చేసి బయలుదేరిన మనిషి మధ్యాహ్నపు కాఫీ వేళకు ముగించుకొని రాదగిన పని యిది. ఏడు సంవత్సరములైనను మనవారు బయలుదేరలేదు.

బయలుదేరకుండుటకు చెప్పు కారణములు కొన్ని నా చెవిని బడినవి. మొదటిది, ఇది ఆత్మహత్యయను మాట. విషపు సూది వేయించుకొనుట నేటికిని మన దేశమున నేరమే. ముందస్తు ఆదేశము దానిని అడుగనే లేదు, అడిగినను ఇచ్చువారు లేరు. 2004 డిసెంబరులో హైదరాబాదున కండరముల క్షీణవ్యాధితో నుండిన వెంకటేష్ అను చదరంగ క్రీడాకారుడు, ప్రాణముండగనే తన అవయవములు దానమిచ్చుటకు అనుమతి కోరగా హైకోర్టు నిరాకరించినది. నాటి వార్తలు చదివినవారు పలువురు రెండింటిని కలిపి చూచుచున్నారు. ఆ బిడ్డ కోరినది వేరు. ఇచ్చట వ్యాధి తన పని తాను చేయుచుండగా, ఫలము లేని యంత్రమును అడ్డము పెట్టవలదనుట మాత్రమే. ధర్మశాస్త్రమును అడ్డము తెచ్చువారికి మన పురాణములే జవాబు చెప్పును. అంపశయ్యపై భీష్ముడు తన ఘడియ తానే నిర్ణయించుకొనెను. పరీక్షిత్తు ఏడు దినముల గడువు తెలియగనే రాజ్యము కొడుకునకు అప్పగించి గంగ యొడ్డున కూర్చుండెను. మన కాలములో వినోబా భావే 1982 నవంబరున పవనారు ఆశ్రమమున ఆహారమును, ఔషధమును వలదని దేహము చాలించిరి. వారంతటి నిష్ఠ మనకు వలదు, రాదు. నేనడుగుచున్నది రెండు పుటల కాగితము!

రెండవ కారణము, పిల్లలు దీనిని ఆసరాగా గొని త్వరగా వదలించుకొందురని. ఈ అనుమానమును నేను తేలికగా కొట్టివేయను. ఆస్తి తగవులలో తండ్రి వ్రేలిముద్రను నిద్రలో వేయించిన కొడుకుల కథలు మా కచేరీ గోడలు వినియున్నవి. అందుచేతనే నియమములు చదివి చూడవలెను. కాగితమున్నంత మాత్రమున కొడుకు పోయి తీగ పెరుకజాలడు. మనకు తెలివి యున్నంత కాలము ఆ కాగితమునకు పని లేదు. మన నోటి మాటయే చెల్లును. తెలివి పోయి, వ్యాధి కుదురదని తేలిన పిమ్మట, చికిత్స చేయు వైద్యుడును, ఐదేండ్లకు తక్కువ కాని అనుభవము గల ఇద్దరు నిపుణులును కూడి మొదటి మండలిగా చూడవలెను. వారొప్పుకొనినచో, మొదటి మండలితో సంబంధము లేని రెండవ మండలి చూడవలెను. అందొకరిని జిల్లా వైద్యాధికారి నియమింపవలెను. మనము పేరు వ్రాసినవారి సమ్మతి ఉండవలెను. అమలుకు ముందు మేజిస్ట్రేటునకు తెలుపవలెను. ఇన్ని కన్నులు కప్పి తండ్రిని చంపగల కొడుకునకు కాగితముతో పని యేమి? నిజము చెప్పవలెనన్న దుర్బుద్ధి గలవానికి కాగితము లేకుండుటయే వాటము. బిల్లు కట్టజాలమని సంతకము చేసి రోగిని సగము చికిత్సలో ఇంటికి తరలించుకొనిపోవుట ప్రతి యూరిలోను జరుగుచున్నదే. దానికి ఏ మండలియు లేదు.

మూడవది అన్నిటికంటె తీయనిది, అందుచేత అన్నిటికంటె ప్రమాదమైనది. "మావాడు చూచుకొనును, వానికి నా మనసు తెలియును." అయ్యా, వానికి మీ మనసు తెలియదు. మీకు ఏ కూర యిష్టమో తెలియును. రాత్రి రెండు గంటలకు ఐ.సి.యు. వాకిట నిలుచుండగా ఒక యువవైద్యుడు కాగితము చేత బట్టుకొని "గొట్టము వేయమంటారా, వద్దంటారా, ఐదు నిమిషాల్లో చెప్పండి" అని అడిగినపుడు వాడు ఏమనును? వలదన్నచో తండ్రిని చంపితినని బ్రతుకంతయు తలంచును. వేయుమన్నచో తరువాతి మూడు వారములు చూచి ఏల వేయుమంటినని తలంచును. ఏది యన్నను వానికి శాంతి లేదు. ఆ రాత్రి మీరు చెప్పవలసిన మాట మీరు చెప్పక వాని నెత్తిన పెట్టి, దానికి ప్రేమ యని పేరు పెట్టుట నాకు సమ్మతము కాదు. ఆడబిడ్డల సంగతి మరియు కష్టము. తల్లిని కడదాక ఎత్తి, కడిగి, తినిపించినది కుమార్తె యగును. నిర్ణయము వచ్చునప్పటికి "ఇంటి పేరు మారినది" గదా యని ఆమెను వెనుకకు నెట్టుదురు. ఆదేశమున కుమార్తె పేరు వ్రాసినచో ఆ నెట్టుట సాగదు. ఒకరికంటె ఎక్కువ మందిని వ్రాయవచ్చును.

కావున వ్రాయుడని చెప్పుచున్నాను. కాని ఎట్లు వ్రాయవలెనో కొంత వివరింపక తప్పదు. ఏలననగా అస్పష్టముగా నున్న ఆదేశమును వైద్యమండలి అమలు చేయదు, చేయరాదు. "నన్ను కష్టపెట్టవద్దు", "గొట్టాలు గిట్టాలు వద్దు" అనునవి మనసుకు అర్థమగును గాని దస్తావేజుకు పనికిరావు. చెక్కుబందీ లేని భూమి దస్తావేజు వంటిదది. తూర్పున ఎవరి చేనో, పడమట ఏ వాగో వ్రాయకున్నచో ఎకరములు ఎన్నియన్నను చెల్లవు. అట్లే ఏ స్థితి వచ్చినపుడు ఈ మాట వర్తించునో మొదట హద్దు వేయవలెను. న్యుమోనియా వచ్చి నాలుగు దినములు వెంటిలేటరుపై పెట్టిన కోలుకొను మనిషికి ఈ ఆదేశము కాదు. కోలుకొను ఆశ లేదని నిపుణులు తేల్చిన వ్యాధియు, తిరిగి తెలివి రాదను స్థితియు అని స్పష్టముగా నుండవలెను. పిదప ఏవి వలదో పేరు పెట్టి వ్రాయవలెను: వెంటిలేటరు, డయాలిసిస్, గుండె యాగినపుడు ఛాతీ నొక్కుట. ఒకరికి డయాలిసిస్ సమ్మతము, వెంటిలేటరు అసమ్మతము కావచ్చును. అది వారి యిచ్ఛ. ఈ భాగమును ఎరిగిన వైద్యుని యెదుట కూర్చుండి ఒక గంట మాటలాడిన తరువాతనే వ్రాయుట మేలు.

ఇంకను ముఖ్యమైన హద్దు ఒకటి కలదు. దీనిని వ్రాయువారు తక్కువ. ఏవి మానరాదో వ్రాయవలెను. నొప్పికి మందు మానరాదు. పెదవులు తడుపుట మానరాదు. ఒడలు తుడిచి, పుండ్లు పడకుండ ప్రక్కలు మార్చుట మానరాదు. సాధ్యమైనచో ఇంటికి తీసికొనిపోవలెను, మనవారు ప్రక్కన కూర్చుండనీయవలెను. యంత్రము వలదన్నంత మాత్రమున మనిషిని వదలివేయుమని కాదు. నొప్పి తగ్గించుటకే యేర్పడిన పాలియేటివ్ వైద్యమను శాఖ కలదు. క్యాన్సరు నొప్పికి వాడు మార్ఫిను పూర్వము చట్టపు చిక్కులవలన దొరకుట దుర్లభముగా నుండెను. 2014లో మాదకద్రవ్యముల చట్టమును సవరించి ఆ చిక్కులు సడలించిరి. అయినను చిన్న పట్టణములలో దాని నిచ్చు వైద్యుడెవరో ముందుగనే విచారించి యుంచుకొనవలెను.

భాష సంగతి. ఆదేశము వ్రాతమూలముగా నుండవలెనని తీర్పు చెప్పినది గాని ఫలానా భాషయని నిర్బంధింపలేదు. నా అభిప్రాయమున, మీరు మనసులో ఏ భాషలో ఆలోచింతురో ఆ భాషలో, మన విషయమున తెలుగులో, స్వహస్తముతో మొదట వ్రాయుడు. తెలుగులో వ్రాయునపుడు గాని తన కోరిక ఏమో తనకే తెలియదు. ఆ వెనుక కన్నడములో గాని ఇంగ్లీషులో గాని సరియైన ప్రతి వ్రాయించి రెండింటిపై సంతకము చేయుడు. అర్ధరాత్రి డ్యూటీలో నున్న వైద్యుడు చదువదగినదిగా నుండవలెను గదా! సాక్షులుగా మీ ఆస్తి పొందబోవువారిని పెట్టకుడు. తీర్పు స్వతంత్రులైన సాక్షులుండుట మేలన్నది. మనసు మారినచో ఎప్పుడైనను రద్దుచేసి క్రొత్తది వ్రాయవచ్చును. రెండున్నచో కడపటిది చెల్లును.

వ్రాసి ట్రంకు పెట్టెలో దాచినచో ప్రయోజనము సున్న. పేరు వ్రాసినవారికి ఒక ప్రతి, ఇంటి వైద్యునికి ఒకటి, స్థానిక సంస్థ యధికారికి ఒకటి ఇయ్యవలెను. ఈ కడపటిదానిలో చిక్కున్నది. నా ఆదేశపు ప్రతిని నేను ఒక స్థానిక కార్యాలయమునకు తీసికొనిపోయినపుడు అచ్చటి గుమాస్తా దానిని అటునిటు త్రిప్పి చూచి, "ఏమి స్వామీ, ఇంకా గట్టిగానే ఉండారు కదా, ఇదంతా ఎందుకు?" అనెను. మరణ ధ్రువపత్రమునకు వచ్చితినని తలంచి "చనిపోయిందెవరు?" అని మరియొకడు అడిగెను. ముప్పదియెనిమిదేండ్లు బల్లకు ఆవలివైపు కూర్చుండినవాడను గనుక రాకడ సంఖ్య వేసి, ముద్ర గల రసీదు ఇచ్చువరకు కదలలేదు. మూడు గంటలు పట్టెను. అందరును మూడు గంటలు నిలువలేరు. ప్రతి స్థానిక సంస్థలోను ఈ ప్రతులు భద్రపరచు అధికారి యుండవలెనని తీర్పు చెప్పినది. ఆయన పేరు తలుపుపై వ్రాసియుంచిన కార్యాలయము నా కంటికి ఇంతవరకు అగపడలేదు. రెండు మండలులకు వలయు నిపుణులు తాలూకా ఆసుపత్రులలో దొరకుటయు సులభము కాదు. ప్రభుత్వము ఉత్తరువు వెలువరించి చేతులు దులుపుకొనిన చాలదు. అయినను చట్టపు లోపములు చూపి మన పని మానుకొనుట, రహదారి గుంతలమయమని పెండ్లికి పోకుండుట వంటిది.

మన సంఘము వారిని ఒక మాట అడిగెదను. ఏటేట రక్తదాన శిబిరము పెట్టుచున్నారు, కంటి పరీక్షలు చేయించుచున్నారు, మంచిదే. వచ్చు వార్షికోత్సవమున ఉపన్యాసములలో ఒకటి తగ్గించి, సభాభవనపు వసారాలో ఒక బల్ల వేయింపుడు. తెలుగు, కన్నడ, ఇంగ్లీషు మూడు భాషలలో నమూనా పత్రములు అచ్చు వేయింపుడు. మన సభ్యులలోని వైద్యు డొకరు ఆ పూట అచ్చట కూర్చుండి అడిగినవారికి వెంటిలేటరనగా ఏమో, డయాలిసిస్ అనగా ఏమో తెలుగులో చెప్పవలెను. ఒక నోటరీని పిలువుడు. సాక్షులకు కొదవ లేదు. పులిహోర పొట్లము కొరకు వరుసలో నిలుచుండువారిలోనే ఇద్దరు దొరకుదురు. పిల్లలు ఆ దినమున ఊరిలో నుందురు గనుక వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని వ్రాయుట మరియు మంచిది. నకళ్లు వ్రాయుట, ప్రతులు జత చేయుట, రాకడ పుస్తకములో ఎక్కించుట నాకు చేతనైన పని. ఆ పూటకు నేను వచ్చి కూర్చుండెదను. కలము నేనే తెచ్చుకొందును, బల్లమాత్రము గాలి వచ్చుచోట వేయింపుడు.